నిమ్మనూనె తలంటు

ఆ ఆదివారం నర్సయ్య పథకం చిన్నదే. ఒంటికి నూనె పట్టించి, కాసేపు ఎండలో కూర్చుని, స్నానం చెయ్యాలి. వారం తిరిగేసరికి ఒళ్ళు నిగనిగలాడాలి. ఎందుకంటే వచ్చే ఆదివారం పక్క తోట నుంచి నాగమ్మ అతన్ని చూసుకోవడానికి వస్తోంది. ఈ పరాయి దీవిలో, బా ఊరి దగ్గరి చెరకు తోటలో, ఒప్పందం మీద ఓడెక్కి వచ్చిన గిర్మిట్ కూలీకి సంబంధం కుదరడమంటే మాటలు కాదు. ఆడవాళ్ళు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. నాగమ్మ కాదంటే ఇక అంతే.

తీరా చూస్తే కొబ్బరినూనె నిండుకుంది. పక్క గది బాలమ్మ ఓవర్సీరు బంగళాలో పనిచేస్తుంది. దొరసాని ఆమె చేత బుట్టలకొద్దీ నిమ్మతొక్కలు పిండించి నూనె తీయించి, ఓ చిన్న సీసా ఆమెకూ ఇచ్చింది.

"అక్కా, అది దేనికి పనికొస్తాది?"

"దేనికి రాదు? బకెట్ నీళ్ళలో నాలుగు చుక్కలేసి తుడిస్తే నేల మెరుస్తాది, దోమలు రావు. దొరసాని రొట్టెలో కూడా ఏస్తాది. చుక్కే సుమా!"

నేలే మెరిస్తే మనిషి మెరవడా అనుకున్నాడు నర్సయ్య. చుక్క మాట చెవికెక్కలేదు. సీసా అడిగి తెచ్చుకుని, సగం ఒంటికి దట్టించి, మండుతున్నా పళ్ళ బిగువున భరిస్తూ మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చున్నాడు.

మంగళవారానికి ఒంటి మీద ఎర్రటి చారలు, భుజాల నిండా బొబ్బలు తేలాయి. చేనులో కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు భగవాన్ చూసి పదడుగులు వెనక్కి గెంతాడు.

"అరే బాప్‌రే! వీడికి అమ్మవారు పోసింది!"

ఓవర్సీరు గుర్రం దిగకుండానే హుకుం జారీ చేశాడు. సోమవారం డాక్టరు వచ్చేదాకా నర్సయ్య ఉండే కూలీగదుల లైనువాళ్ళెవరూ పనిలోకి రాకూడదు. లైను చుట్టూ తాడు కట్టారు. గుమ్మానికి వేపాకు దొరక్క నిమ్మకొమ్మలు కట్టారు. నూనె పూసుకున్న రెండు రోజులకు గానీ రాలేదు గనుక, నూనె మీద అనుమానమే కలగక నర్సయ్య కూడా అమ్మవారనే నమ్మి, గోడకు తిరిగి ఏడ్చాడు. మిగతావాళ్ళు మాత్రం ఎన్నేళ్ళకో పట్టపగలు హాయిగా నిద్రపోయారు.

రోగం తనకు అంటకుండా భగవాన్ మిగిలిన నూనె చేతులకు పూసుకుని, తాడు పక్కన ఎండలో కాపలా కాశాడు. శుక్రవారానికి అతనికీ బొబ్బలు లేచాయి. అంటువ్యాధేనని అందరికీ రూఢి అయింది.

ఆదివారం నాగమ్మ వచ్చి తాడు దగ్గర ఆగింది.

"ఎల్లిపో నాగమ్మా! నా బతుకింతే!" గదిలోంచి అరిచాడు నర్సయ్య.

"ఇంత దూరం నడిసొచ్చింది ఎల్లిపోడానికా? బయటికి రావయ్యా."

వచ్చాడు. నాగమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఏం పూసుకున్నావు?"

"నిమ్మనూనె. ఎండలో కూర్చున్నా."

నాగమ్మ పకపకా నవ్వి తన వేళ్ళు చూపించింది. వాటి మీదా గోధుమరంగు మచ్చలే. "పోయిన నెల ఎండలో కూర్చుని ఊరగాయకి వంద నిమ్మకాయలు కోశా. రెండ్రోజులకి ఇట్నే పొక్కినాయి. మళ్ళీ నీడలో కోశా, ఏమీ కాలేదు. ఇది అమ్మవారు కాదయ్యా, నిమ్మా ఎండా కలిసి చేసిన పని."

"అయితే... సంబంధం?"

"కొబ్బరినూనె తెచ్చిపెట్టు. ఇకమీదట తలంటు నేను పోస్తా, నీడలో."

నర్సయ్య సంతోషంగా, తాడు పక్కన కాపలా ఉన్న భగవాన్ వైపు తిరిగాడు. "ఈ సంగతి ఓవర్సీరుకి చెప్పేద్దామా?" అన్నాడు.

భగవాన్ నిద్రమొహాలతో నిలబడ్డ లైనువాళ్ళను చూశాడు. "డాక్టరే కనుక్కుంటాడులే," అన్నాడు.

సోమవారం వచ్చిన డాక్టరు ఏమీ కనుక్కోలేక తాడు విప్పించి వెళ్ళాడు. ఆ వారంలో తోట చుట్టుపక్కల ఒక్క నిమ్మకాయ మిగల్లేదు. మరుసటి ఆదివారం లైనంతా నూనె పూసుకుని ఎండలో కూర్చుంది, పెళ్ళికొడుకు ఒక్కడు తప్ప.