దోబ్రిల్ చేతి దారాలు

స్తమెనా దోబ్రిల్‌కు అన్యాయం చేసి పోయింది. ఇంట్లో మాటలన్నీ తనే మాట్లాడి, ఊళ్లో పలకరింపులన్నీ తనే చూసుకుని, భర్తకు నోరు మెదపడం నేర్పకుండానే కన్నుమూసింది. ఇందులో వాదనకు తావు లేదు.

పైగా మనవరాలు కలినాకూ తాత నోరే వచ్చింది. బడిలో ఎవరితోనూ కలవదు. మార్చి ఒకటిన పట్నం నుంచి డాక్టరమ్మ వస్తోంది. నలుగురితో మెలగడం నేర్పే తరగతి పెడతారట. తోటివాళ్లు కావాలని ఉండీ అడుగు ముందుకు పడని పిల్లలకే అది పనిచేస్తుందట. ఎవరూ అక్కర్లేని పిల్లలకు దండగట. ఆ రోజు వచ్చే వసంతం పండగపూట పిల్లలు ఒకరి చేతికొకరు ఎర్ర, తెల్ల దారాలు కట్టుకుంటుంటే చూసి, తరగతికి పిల్లల్ని ఎంచుకుంటుందని పంతులమ్మ చెప్పింది.

కలినా ఎవరికీ కట్టదని దోబ్రిల్‌కు తెలుసు. ఆ పొద్దున స్తమెనా దారాల డబ్బా చంకన పెట్టుకుని బడి గేటు దగ్గర నిలబడ్డాడు. వచ్చిన పిల్లలందరి చేతికీ ఒక్కో దారం కట్టి, "కలినా ఇచ్చింది. పో," అన్నాడు.

దారం కట్టించుకున్నవాళ్లు తిరిగి కట్టాలి. పిల్లలంతా ఒక్కసారిగా కలినా మీదికి వెళ్లారు. అది హడలిపోయి, కోట్లు తగిలించిన మూలలో దూరింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. పిల్లల వెనకే లోపలికొచ్చిన దోబ్రిల్, కట్టింది తనేనని ఒప్పుకున్నాడు. అయితే తాతకే కట్టాలని పిల్లలు అతని మీద పడ్డారు. గసిరాడు. ఓ బుడతడు ఏడుపు లంకించుకున్నాడు.

వాణ్ని ఊరుకోబెట్టడం తెలియక, స్తమెనా దారం ఎలా పేనేదో చెప్పసాగాడు. పొయ్యి పక్కన కూర్చుని, ఓ కొస అతని కోటు గుండీకి ముడివేసి, కదలొద్దని తిట్టేది. ముందు ఎర్రది మెలిపెట్టి...

"కాదు తాతా, ముందు తెల్లది," కోట్ల వెనకనుంచి కలినా గొంతు వినిపించింది. "నీకేం తెలుసు, నువ్వు కునుకు తీసేవాడివి."

బయటికొచ్చి, ఓ కొస బుడతడి గుండీకి ముడివేసింది. కదలొద్దని తిట్టింది కూడా. మిగతా పిల్లలు చుట్టూ చేరారు.

"పాపకు తరగతి పనిచేస్తుంది," అంది డాక్టరమ్మ. "ఇంటినుంచి ఒకరు తోడు రావాలి. ఎక్కువ లాభం ఆ తోడుకే."

"నాకేం రోగం?"

"మనుషులు కావాలి మీకు. మొదలుపెట్టడం రాదు, అంతే."

దోబ్రిల్ చెయ్యి చూసుకున్నాడు. స్తమెనా పోయినప్పటినుంచి బోసిగా ఉన్న ముంజేయి, మోచేతిదాకా పిల్లలు కట్టిన ఎరుపూ తెలుపూ.

ప్రతి గురువారం తరగతికి అందరికంటే ముందే వెళ్లి చిన్న కుర్చీలో ఇరుక్కునేవాడు. ఎందుకని ఎవరడిగినా, ఆ సంగతి తన దగ్గర ఇక ఎన్నడూ ఎత్తొద్దనేవాడు.