మూడో శనివారం తనిఖీ

ఆ శనివారం పొద్దున శకుంతలమ్మ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆరింటికి కొట్టం ఊడవాలి. ఏడింటికల్లా పద్దెనిమిది మంది ఆడవాళ్లూ తలకు పోసుకుని, ఉన్నంతలో మంచి చీరలు కట్టుకుని పీటల ముందు కూర్చోవాలి. పదింటికి చిత్తూరు నుంచి ఆఫీసరుగారు వస్తారు. పదింబావుకు ఆయన అప్పడం కొరికి తల ఆడిస్తారు. పదిన్నరకు సంతకం పెడతారు. పదకొండింటికి అందరూ కూర్చుని కాఫీ తాగుతారు. ఇంత సులువైన పథకం లోకంలో ఎక్కడా అనుకున్నట్టు జరిగిన దాఖలా లేదని పాపం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నగరిలో మరమగ్గాలు దిగాక చేతిమగ్గాల వీధి సగం నోరు మూసుకుంది. మగవాళ్లు మరమగ్గాల దగ్గర కూలికి కుదిరారు. ఆడవాళ్లు కోడి కూయకముందే రైలెక్కి మద్రాసు పోయి, మేడలు కట్టే చోట ఇటుకలు మోసి, పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరేవారు. బడిపంతులు ధనంజయ భార్య శకుంతలమ్మ దీన్ని రెండేళ్లు చూసింది. మూడో ఏడు చూడలేక, మూతపడ్డ మగ్గాల కొట్టం ఒకటి ఓబయ్య దగ్గర బాడుగకు తీసుకుని, ఆరుగురు ఆడవాళ్లతో అప్పడాల సంఘం పెట్టింది. ఆరుగురు పద్దెనిమిది మంది అయ్యారు. అప్పడం బాగుందని తిన్నవాళ్లందరూ అన్నారు గాని, తిన్నవాళ్లే తక్కువ. ఊళ్లో అంగళ్ల నిండా మద్రాసు కంపెనీ అప్పడాలే. దీపావళి దాటితే కొట్టంలో తనే మరమగ్గాలు పెట్టుకుంటానని ఓబయ్య చెప్పేశాడు. జిల్లాలోని హాస్టళ్లన్నిటికీ అప్పడాలు సరఫరా చేసే ఆర్డరు వస్తే కొట్టం నిలుస్తుంది. రాకపోతే పద్దెనిమిది మందీ మళ్లీ రైలెక్కాలి. ఆ ఆర్డరు ఇవాళ వచ్చే శ్రీమన్నారాయణగారి చేతిలో ఉంది.

ఎనిమిదిన్నరకు ధనంజయ సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు.

"శకుంతలా, ఒక మాట. మా చిన్నాయన కొడుకు చిత్తూరాఫీసులో గుమాస్తా గదా, వాడు కబురు పంపించినాడు. ఆ శ్రీమన్నారాయణ ఆఫీసరు మాదిరి రాడంట."

"ఆఫీసరు ఆఫీసరు మాదిరి రాకుంటే ఇంకెవురి మాదిరి వస్తాడు?"

"జీపు ఊరి బయట నిలిపేసి, మామూలు మనిషి మాదిరి నడుసుకుంటా వస్తాడంట. పోయిన నెల్లో ఒక హాస్టలుకి ఎవురో పిల్లోడి నాయన మాదిరి పంచె కట్టుకోని పోయినాడంట. వంటింట్లో కూసోని సాంబారు తాగి, అప్పుడు సెప్పినాడంట నేను ఫలానా అని."

"ఇదేం కర్మ! మరి మనం ఆయన్ని పోల్చుకునేది ఎట్ల?"

"అదే నాకూ అర్థం కాలేదు. అందుకే నీకు సెప్పేసి పోదామని వచ్చినా," అన్నాడు ధనంజయ. భారం దించుకున్న మొహంతో వెళ్లి నీళ్లు తాగాడు.

మామూలు రోజయితే కొత్త మనిషి గడప తొక్కగానే తెలిసిపోయేది. కాని అది తిరుపతి స్వామికి మొక్కులు తీర్చుకునే పెరటాశి నెల, మూడో శనివారం. ఆ నెల శనివారాల్లో ఆ వైపున మొక్కు ఉన్నవాళ్లు నొసటికి నామం పెట్టి, పచ్చ పంచె కట్టి, చెంబుకు కూడా నామం దిద్ది, గోవింద కొడుతూ ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడుగుతారు. ఆ బియ్యంతోనే ఇంట్లో వండి, తళిగ వేసి స్వామికి నైవేద్యం పెట్టి, ఆ తరవాతే ఎంగిలి పడతారు. తోటలున్న ఆసామీ అడుక్కుంటాడు, ఆ తోటలో కూలివాడూ అడుక్కుంటాడు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే కన్నతల్లి కూడా ఎవరెవరో చెప్పలేదు. ఆ మొక్కు పెట్టిందే అందుకు. అలాంటి రోజున మారువేషపు ఆఫీసరును వెతికే పని శకుంతలమ్మ నెత్తిన పడింది.

"గోవిందా... గోవింద!"

గడప దగ్గర బియ్యం గంప పెట్టుకుని కూర్చున్న సుబ్బులమ్మ పిడికెడు తీసింది. పద్దెనిమిది మందిలోకీ పెద్దది ఆమె. మొక్కుల విషయంలో ఆమె మాటకు తిరుగులేదు. శకుంతలమ్మ ఆ వచ్చినాయన్ని పైనుంచి కిందికి చూసింది. ఎడమ మణికట్టు మీద గడియారం తీసేసిన తెల్లటి గుర్తు ఉంది. ఎండ పూర్తిగా ఎక్కకముందే పాదాలు కాలుతున్నట్టు గెంతుతున్నాడు. అంటే రోజూ బూట్లు వేసే మనిషి.

"ఇన్ని అప్పడాలు మీరే సేస్తారా తల్లీ?" అన్నాడాయన లోపలికి తొంగిచూసి.

శకుంతలమ్మకు ఇక అనుమానం లేదు. పరుగున వెళ్లి ఆయన్ని లోపలికి తీసుకొచ్చి, కొట్టంలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చోబెట్టింది. వేయించిన అప్పడాలు పళ్లెంలో పెట్టి ముందుంచింది.

"ఉపవాసం తల్లీ. తళిగ అయ్యేదాకా ఏమీ ముట్టను."

"పోనీ, కాఫీ?"

"అదీ వద్దు."

శకుంతలమ్మ మొగుడి చెవిలో, "సూసినారా? కాఫీ కూడా ముట్టడు. నిప్పు లాంటి మనిషి!" అంది. తరవాత ఆయనకు మినపపిండి చూపించింది. దంచే రోకళ్లు చూపించింది. ఇంగువ డబ్బా మూత తీసి వాసన చూడమంది. ఆరబెట్టిన చాపల చుట్టూ తిప్పింది. ఆయన ప్రతిదానికీ తల ఊపుతూ, మధ్యమధ్యలో బయటికి దారి ఎటో చూసుకుంటున్నాడు.

"ఇదంతా నాకెందుకు సెప్తా ఉండారు తల్లీ?" అని చివరకు ఉండబట్టలేక అడిగాడు.

"మీకు తెలీనిదా సార్!" అని శకుంతలమ్మ గడుసుగా నవ్వింది. ఆ 'సార్' వినగానే ఆయన మొహంలో నామం తప్ప మిగతా రంగంతా పోయింది. తనిఖీకని గోడవార పేర్చిన అరవై కట్టల్లోంచి ఆమె ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. తళిగకు అప్పడాలు వచ్చాయి గదా అని ఆయన కట్టను కళ్లకద్దుకుని, గోవింద కొట్టి, వచ్చినప్పటికన్నా వేగంగా వెళ్లిపోయాడు.

శకుంతలమ్మ కుర్చీలో కూలబడి హమ్మయ్య అనుకుంది. ఆ అనుకోవడం పూర్తి కాకముందే గడప దగ్గర గొడవ వినిపించింది. కళ్లజోడు పెట్టుకున్న భారీ మనిషి ఒకాయన, నామంతో, చెంబుతో, సుబ్బులమ్మ ఇచ్చిన బియ్యం వద్దంటున్నాడు.

"ఆయప్పకేమో కట్ట అప్పడాలు, నాకేమో పిడికెడు బియ్యమా? స్వామి పేరు సెప్పుకోని వచ్చినోళ్లలో ఎక్కువ తక్కువ ఉంటాదా?"

"ఆయప్ప సెప్పింది న్యాయం," అంది సుబ్బులమ్మ లోపలికి తిరిగి. "ఒకరికిచ్చి ఒకరికి లేదనకూడదు శకుంతలా. ఇస్తే అందరికీ ఇయ్యాల. లేకుంటే ఎవురికీ ఇయ్యకూడదు. మొదలుపెట్టింది నువ్వే."

శకుంతలమ్మ మనసు రెండుగా చీలింది. ఎక్కువ తక్కువల గురించి ఇంత గట్టిగా నిలదీసేవాడు మామూలు మనిషి ఎలా అవుతాడు? ఒకవేళ ఆఫీసరు ఈయనేమో! మళ్లీ పిండి, మళ్లీ రోకళ్లు, మళ్లీ ఇంగువ డబ్బా. ఆయనకూ ఒక కట్ట వెళ్లింది. మూడో ఆయన మౌనవ్రతం. ఎంత పలకరించినా పలకడు. చంకలోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాయడం మొదలుపెట్టాడు.

"రాసుకుంటా ఉండాడు! రాసుకుంటా ఉండాడు!" అని ధనంజయ మోచేత్తో పొడిచాడు. పద్దెనిమిది మందీ ఒక్కసారిగా నడుములు నిటారు చేసి, పీటల మీద అప్పడాల కర్రలు గిరగిరా తిప్పారు. ఆయన తాపీగా రాయడం ముగించి కాగితం శకుంతలమ్మ ముందు పెట్టాడు. 'ఒక చెంబెడు మంచినీళ్లు' అని ఉంది.

ఆయనకు నీళ్లూ ఇచ్చారు, కట్టా ఇచ్చారు. ఎందుకైనా మంచిదని.

అప్పటికి సంగతి ఊరంతా పాకింది. అప్పడాల కొట్టంలో గోవిందలను కుర్చీలో కూర్చోబెట్టి మర్యాద చేస్తున్నారని, తళిగకు కట్ట అప్పడాలు ఇస్తున్నారని నాలుగు వీధులకూ తెలిసింది. తొమ్మిదిన్నరకు గడప ముందు పదిమంది ఉన్నారు. పదింటికి ఆ వరస మలుపు తిరిగింది. తిరుపతి కొండ కింద పుట్టినవాళ్లకు వరస కట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లొక వైపు, మగవాళ్లొక వైపు అయి, నిమిషానికోసారి గోవింద కొడుతూ కదులుతున్నారు. లోపల అరవై కట్టలు ముప్ఫై అయ్యాయి. కట్టలు విప్పి సగం సగం చేశారు. ఆ సగాలూ తరిగిపోతుంటే చాపల మీద ఆరుతున్నవాటిని కూడా ఎత్తుకొచ్చారు. ప్రతి నామంలోనూ శకుంతలమ్మకు ఆఫీసరే కనబడుతున్నాడు. ఎవరినీ పొమ్మనలేదు, ఎవరినీ పట్టుకుని అడగలేదు. చీర చెంగుతో మెడ తుడుచుకుంటూ, "ఈయనేనా? ఆయనేమో! ఆ వెనకాయన సూపు సూడండి," అని మొగుణ్ణి నమిలేసింది.

పదకొండు కావస్తుండగా వరసను తప్పించుకుని ఒకాయన గడప దాకా వచ్చాడు. ఇస్త్రీ ప్యాంటు, టక్కు వేసిన చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో ఫైలు. అచ్చం ఆఫీసరులా ఉన్నాడు. కాబట్టి ఈయన ఆఫీసరు కాడని శకుంతలమ్మ క్షణంలో తేల్చేసింది. ఎవరో ఇన్సూరెన్సు ఏజెంటు అయ్యుంటాడు.

"ఏమప్పా, నామం లేదు, చెంబు లేదు, మధ్యలో దూరతా ఉండావే?" అని సుబ్బులమ్మ కసిరింది. "ఎంత మంది ఎండలో నిలబడి ఉండారో కనపళ్లేదా? పోయి వరసలో రాప్పో!"

ఆయన ఏదో చెప్పబోయాడు. వరసలోని వాళ్లంతా ఒకేసారి గోవింద కొట్టారు. ఆ మాట అందులో కొట్టుకుపోయింది. ఆయన ఫైలు నెత్తిన పెట్టుకుని, మలుపు తిరిగి, చివర్న వెళ్లి నిలబడ్డాడు.

ఆయన వంతు వచ్చేసరికి పన్నెండున్నర అయింది. చాపలు బోసిగా ఉన్నాయి. డబ్బాలు బోర్లించి ఉన్నాయి. కొట్టంలో ఒక్క అప్పడం లేదు, వేయించినవి పెట్టిన పళ్లెంలో నలుసైనా లేదు. సుబ్బులమ్మ గంప అడుగు తడిమి పిడికెడు బియ్యం తీసింది. పట్టడానికి ఆయన దగ్గర చెంబు లేకపోవడంతో, చాచిన అరచేతుల్లో పోసింది. స్వామి పేరున పోసిన బియ్యం కింద పారబోయలేక ఆయన వాటిని జేబురుమాల్లో మూట కట్టుకున్నాడు.

"అమ్మా, నేను శ్రీమన్నారాయణను. చిత్తూరు నుంచి వచ్చాను. అప్పడాలు చూడాలి."

కొట్టంలో అప్పడాల కర్రలు కడుగుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. శకుంతలమ్మ పిండి బస్తా మీద కూర్చుండిపోయింది.

"మీరు పంచె కట్టుకోని వస్తారని సెప్పినారే సార్!" అంది ఏడుపు గొంతుతో.

"ఇవాళ పంచె కట్టుకుని వస్తే గుంపులో కలిసిపోతానని, నన్ను గుర్తుపట్టడం మీకు కష్టమవుతుందని, ప్యాంటు వేసుకుని వచ్చాను," అన్నాడాయన.

శకుంతలమ్మ ఏదీ దాచలేదు. గడియారం గుర్తు సంగతి, కళ్లజోడు సంగతి, నోటుబుక్కు సంగతి అన్నీ చెప్పేసింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. "మీరనుకోనే ఇచ్చినాము సార్. ఒకరికిచ్చినాక ఇంకొకరికి లేదనలేకపోయినాము. నా తెలివితక్కువతనానికి వీళ్లను మళ్లా రైలెక్కించొద్దు సార్."

"మొదటాయన తిరుపతిలో బస్సు కండక్టరంట. జయరామ్ అని పేరు, జ్వరమని సెలవు పెట్టి మొక్కుకు వచ్చాడంట. కళ్లజోడాయనకు పుత్తూరులో రైసుమిల్లు. అన్నీ వరసలోనే విన్నాను," అన్నాడు శ్రీమన్నారాయణ. బోర్లించిన డబ్బాల వైపు, బోసి చాపల వైపు చూశాడు. "అంతా బాగుంది గాని అమ్మా, చూడ్డానికి ఒక్క అప్పడం కూడా లేదే. నాణ్యత గురించి నేనేం రాయాలి?"

ఆయన బియ్యం మూట, ఫైలు పట్టుకుని జీపు నిలిపిన చోటికి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆ రోజు ఎవరూ కాఫీ తాగలేదు. సోమవారం నుంచి ఓబయ్య వచ్చి మగ్గాలు ఎక్కడెక్కడ బిగించాలో అడుగులతో కొలుచుకోవడం మొదలుపెట్టాడు. శకుంతలమ్మ అటు చూడకుండా పిండి కలిపింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఎప్పటిలాగే పీటల ముందు కూర్చుని అప్పడాలు వత్తారు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

దీపావళికి నాలుగు రోజుల ముందు చిత్తూరు నుంచి పొడుగాటి కవరు వచ్చింది. శకుంతలమ్మ అందిస్తే ధనంజయ చించి, కొట్టం మధ్యలో నిలబడి, బడిలో పాఠం చెప్పినట్టు గట్టిగా చదివాడు. జిల్లాలోని హాస్టళ్లన్నిటికీ ఏడాది పాటు అప్పడాలు సరఫరా చేయవలసిందిగా ఆర్డరు. సుబ్బులమ్మ పీట పక్కకు నెట్టి భోరుమంది. కొలత మధ్యలో ఉన్న ఓబయ్య అడుగు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. శకుంతలమ్మ మాత్రం నమ్మలేక, "అది మనకేనా? పేరు సరిగ్గా సూడండి. కింద ఇంకేమి రాసి ఉండాది?" అని మూడుసార్లు అడిగింది.

ధనంజయ కింద ఉన్న తనిఖీ నివేదిక చదివాడు.

"వరుసలో గంటన్నర వేచియున్న సమయమున, అప్పడములు ఇంటికి తీసుకువెళ్లి, తళిగలో వేయించుకుని తిని, నామము చెరిపి కొత్తగా దిద్దుకుని రెండవమారు వరుసలోనికి వచ్చిన వారిని ఏడుగురిని గమనించడమైనది. పరిశీలనకు ఒక్క అప్పడమైనను మిగలనందున, నాణ్యత సంతృప్తికరమని నిర్ధారించడమైనది."