గోంగూర డబ్బాలో చెట్టు మిడత

ఆ శనివారం పొద్దున జగన్మోహన్ ప్లాను చిన్నదే. పదింటికి ప్రకృతి క్లబ్బు సెక్రటరీ మిసెస్ పార్కర్ వస్తుంది, ఫ్రిజ్‌లోంచి మిడతని తీసి చూపించాలి, కీటకాల జాబితాలో తన పేరెక్కాలి. 1984లో అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్లకి బ్రేకులు డిజైన్ చేసే మనిషికి బ్రేకుల్లేని కోరిక ఇదొక్కటే.

బూడిదరంగు మిడత, ఒళ్ళంతా మచ్చలు. ఇంటి వెనక అడవిలో ఓక్ మానుకి కరుచుకుని దొరికింది. చెట్ల మీదే బతికే జాతని ఇతని వాదన. గడ్డి మిడతే దారి తప్పిందని మిసెస్ పార్కర్ అనుమానం. రుజువు చూపినవాళ్ళ పేరే జాబితాకెక్కుతుందని క్లబ్బు నియమం. చలికి కదలకుండా పడుంటుందని దాన్ని ఖాళీ పెరుగు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి తోశాడు. ఖాళీ పెరుగు డబ్బా పారేయడం ఆ ఇంట్లో నేరం కాబట్టి, అక్కడ అలాంటివి ఇంకో ఆరున్నాయి.

పదింటికి ఆవిడ రాగానే మిడిసిపడుతూ డబ్బా మూత తీశాడు. లోపల గోంగూర పచ్చడి.

"ఇది దాని ఆహారమా?" అంది మిసెస్ పార్కర్.

"నళినీ! నా మిడతేదీ?" అని భార్యని కేకేశాడు.

"పొద్దున వసంతకుమారి పచ్చడి కోసమొస్తే ఓ డబ్బా ఇచ్చి పంపా. అన్నీ ఒకేలా ఉంటే నాకేం తెలుసండీ? పేరు రాసి అంటించొచ్చుగా!"

"దాని పేరు తేల్చడానికేగా ఈవిడొచ్చింది!"

ఫోన్ మోగింది. "వదినా," అంది నళిని స్నేహితురాలు వసంతకుమారి, "నీ గోంగూర ఎగిరిపోయింది!"

ముగ్గురూ కార్లో పడ్డారు. వసంతకుమారి గరిటె పట్టుకుని తన ఇంటి లాన్‌లో నిలబడి ఉంది.

"చర్చి లంచ్‌కని మూత తీశా అన్నయ్యగారూ. ప్రభువా! తిన్నగా అన్నంలోకే దూకింది. గరిటెతో పట్టి గడ్డిలో వేశా. ఉంటేనా! వెళ్ళి ఆ మేపుల్ చెట్టెక్కింది. మిడతన్నాక గడ్డిలో ఉండాలిగా, పాపమని మళ్ళీ దింపా. మళ్ళీ చెట్టే. ఫోర్ టైమ్స్!"

నళిని ఇంగ్లీషులో చెప్పింది విని, వసంతకుమారి చూపిన నాలుగు వేళ్ళు చూడగానే మిసెస్ పార్కర్ నోట్‌బుక్ తీసింది. బైనాక్యులర్స్‌తో మాను పైకి చూసింది. బెరడులో బెరడై, అందనంత ఎత్తున మిడత.

"మీరన్నదే నిజం. ఇది చెట్టు మిడతే!"

జగన్మోహన్ మిడతకన్నా ఎత్తు ఎగిరాడు. ఆవిడ మాత్రం వసంతకుమారి వైపు తిరిగింది. "ఇంత ఓపికగా రుజువు చేశారు. మీ పేరు స్పెల్లింగ్ చెప్పండి."

జగన్మోహన్‌కి డబ్బా మిగిలింది. అది కూడా నళిని కడిగి బోర్లించింది.