అప్పు లేని మొగిలి జామీను

ఊపిరి ఆగితే చావు అంటారు. బొగ్గుబాయి పనివాడికి అప్పు ఆగితే ఏమంటారో మాత్రం పెద్దలెవరూ చెప్పిపోలేదు. అలాంటి అవసరం వస్తుందని వాళ్లకు తోచి ఉండదు. జీతాలనాడు గోదావరిఖనిలో ఏ బాయి గేటు ముందు నిలబడ్డా సంగతి బోధపడుతుంది. లోపల గుమాస్తా లెక్కపెట్టి ఇస్తాడు, బయట సావుకారి లెక్కపెట్టి తీసుకుంటాడు. ఆ పైసలను కౌంటరు నుంచి గేటు దాకా మోసుకొచ్చేది కార్మికుడు. (ఆ మోతకు వేరే కూలి లేదు.)

డెబ్బై ఒకటో సంవత్సరంలో ఈ చక్కని ఏర్పాటుకు మొగిలి వల్ల భంగం కలిగింది. మొగిలి బాయిలో టబ్బులకు బొగ్గు నింపేవాడు. నిజానికి నేరం అతనిది కాదు, అతని భార్య ఐలవ్వది. అత్త దినాల ఖర్చుకు ఆమె వెండి కడియాలు రాజం సావుకారి దగ్గర కుదువకు పోయాయి. బోసికాళ్లు చూసుకున్నప్పుడల్లా ఆమెకు కడుపు మండేది. "కడియాలు ఇంటికొచ్చి, అప్పు తీరిన్నాడు వేములాడ వచ్చి కోడె కడతం తండ్రీ" అని వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. మొక్కి ఊరుకుంటే సరిపోయేది. ఆనాటి నుంచి ప్రతి జీతానికీ సావుకారి కంటే ముందే గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. మగని చేతిలోని పైసలు తీసుకుని, సావుకారి వంతు సావుకారికి ఇచ్చి, మిగిలినవి కొంగున ముడివేసి, కల్లు కంపౌండు తగలని దారిన మొగిలిని ఇంటికి నడిపించేది. ఆ దారి చాలా దూరం. అయినా చివరికి అప్పులేని చోటికి చేరింది.

కడియాలు తిరిగి ఇస్తూ రాజం సావుకారి కళ్లు తుడుచుకున్నాడు.

"మొగిలీ, నాతోని ఏమన్న తప్పయ్యిందా?"

"లేదు సావుకారీ. అప్పు తీరింది, గంతే."

"గంతే అంటవేందిరా? మీ నాయన బాకీ నాటి సంబంధం మనది. పండుగకో పబ్బానికో వచ్చి ఎంతో కొంత పట్కపోతుండు."

"పా, పా" అంది ఐలవ్వ మగని రెక్క పట్టుకుని. "ఇంకింతసేపు నిలవడితే ఆ కండ్లనీళ్లకు గూడ వడ్డీ వేస్తడు."

అప్పులోంచి బయటపడటం సులువే. బయట ఉండటమే కష్టమని మొగిలికి మర్నాడే తెలిసింది. గులాం అలీ హోటల్లో చాయ్ తాగి నోటు ఇస్తే, గులాం అలీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చిల్లర లేదు మొగిలి భాయ్. ఈ బజార్ల నగదు ఎవలిస్తరు? రాస్కుంట తియ్."

"రాసుడు లేదు భాయ్. మా ఇంటామెకు మాటిచ్చిన. నోటు నీ దగ్గర్నే ఉంచుకో, తాగినప్పుడల్ల పట్టుకో."

దాంతో గులాం అలీ జీవితంలో మొదటిసారి ఖాతాదారుకు బాకీ పడ్డాడు. ఆనాటి నుంచి మొగిలి కనిపిస్తే చాలు, తడిక వెనక్కి తప్పుకునేవాడు. (బాకీ ఉన్నవాడు దాక్కోవాలన్నది ఆ బజారు మర్యాద.)

ఇక వచ్చే సోమవారం వేములాడ పోదామని అనుకుంటున్న వేళ పోశం వచ్చాడు. పోశం టింబర్‌మన్. బాయిలో పైకప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టేది అతనే. మొగిలి టబ్బు నింపుతున్నంతసేపూ అతని నెత్తికీ పైనున్న భూమికీ నడుమ పోశం పెట్టిన కట్టె ఒక్కటే అడ్డం.

"బావా, నిన్ను చూసినంక బుద్ధొచ్చింది. నేను గూడ సావుకారి అప్పు తీరుస్త."

"మంచిదే బామ్మర్ది. ఎట్ల తీరుస్తవ్?"

"సంఘంల అప్పు తీసి."

సంఘమంటే కార్మికుల పరపతి సంఘం. దాని గుమాస్తా రాయమల్లు రూలు తప్పని మనిషి. పోశం వెంట వచ్చిన మొగిలిని చూసి, బీరువా అడుగు నుంచి ఒక కాగితం తీసి దుమ్ము ఊదాడు.

"జామీను ఉండేటోనికి ఏ అప్పూ ఉండొద్దు. సంఘం పుట్టిననాటి రూలు. అసొంటి మనిషి దొరకక ఇన్నొద్దులు బీరువాల పెట్టినం. అప్పున్నోనికి అప్పున్నోడే జామీను ఉన్నడు, నడిచింది. ఇప్పుడు నువ్వు దొరికితివి. మనిషి ఉండంగ రూలు నడపకుంటే ఆడిట్ల నన్ను పట్టుకుంటరు."

"నేను ఉండనంటే?"

"ఉండకు. ఎవ్వలికీ అప్పు రాదు. ఎందుకు రాలేదంటే నీ పేరు చెప్త."

ఇంట్లో ఐలవ్వ పొయ్యి ముందు నుంచి లేవకుండానే తీర్పు చెప్పింది. "దస్కతు పెట్టినవంటే నా కడియాలు పోయినట్టే."

"నా నెత్తి మీది కట్టె వానిది ఐలీ. వాడు కట్టె దిగ్గొట్టేటప్పుడు నా మీద కోపం యాదికొస్తే ఎట్ల?"

ఐలవ్వ పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. దీనికి జవాబు దేవుని దగ్గర ఉంటుందనే మొగిలి నమ్మకం. కానీ దేవుడు బాయిలోకి ఎప్పుడైనా దిగాడో లేదో అతనికి తెలియదు. దస్కతు పెట్టాడు.

తర్వాత మనుషులను దించి ఎక్కించే తాడు నడిపేవాడు వచ్చాడు. ఆ తర్వాత దీపాలు ఇచ్చేవాడు, నీళ్లు తోడే పంపు చూసేవాడు. బాయిలో ప్రతివాడి చేతిలోనూ తన ప్రాణం ఉందన్న సంగతి మొగిలికి ఆ నెలలోనే తెలిసింది. అందరికీ దస్కతు పెట్టాడు. అందరూ అప్పుల్లోంచి బయటపడటానికి అప్పులు తీసుకున్నారు.

పోశం సావుకారి బాకీ మొత్తం తీర్చేశాడు. అంత శుభకార్యం జరిగాక దావత్ ఇవ్వకపోతే బాగుండదు. దావత్‌కు పైసలు లేవు గనుక సావుకారి దగ్గరే తీసుకున్నాడు. దావత్ కల్లు కంపౌండులో మొదలై డ్యూటీకి నాగాల మీద నాగాలు పెట్టేదాకా సాగింది. నాగాలకు జీతం లేదు, జీతం లేక కిస్తు లేదు. జీతాలనాడు ఐలవ్వ గేటు దగ్గర లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, నేరుగా రాయమల్లు ముందుకు పోయి నిలబడింది.

"పోశం నాగా పెడితే మా జీతం కోసుడేంది సారూ?"

"జామీనంటే గదేనమ్మా."

ఆ సాయంత్రం రాజం సావుకారి మొగిలి ఇంటి గుమ్మంలోకి వచ్చి కుశలం అడిగాడు. ఐలవ్వ కాళ్లకేసి చూసి, "నేను చెప్పలే, మన సంబంధం తెగదని?" అన్నాడు ప్రేమగా. ఐలవ్వ చీర కుచ్చెళ్లు పాదాల మీదికి లాక్కుంది.

కోత పోగా మిగిలిన జీతంతో ఇల్లు గడవదు. కడియాలు మళ్లీ కుదువకు పోకుండా మొగిలికి మిగిలిన దారి ఒక్కటే. సంఘానికి పోయి అప్పు అడిగాడు.

"జామీను ఎవలు?" అన్నాడు రాయమల్లు. "అప్పు లేనోడు కావాలె."

"అసొంటోన్ని నేనే కద సారూ."

"నిన్నటిదాక. ఇప్పుడు నీ జీతం మీద పోశం బాకీ ఉన్నది." రాయమల్లు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. మెల్లగా అతని ముఖం వెలిగింది. "అంటే ఇగ బాయి మొత్తంల అప్పు లేనోడు ఒక్కడు గూడ లేడు! ఇగ రూలు మళ్ల బీరువాలకు పోవచ్చు. ఎవలనన్న తెచ్చుకో పో." ఆ కాగితాన్ని యథాస్థానంలో పెట్టి తాళం వేశాడు. ఆఫీసులో అందరూ తేలికగా ఊపిరి పీల్చుకున్నారు.

పోశం పరుగున వచ్చి దస్కతు పెట్టాడు. "నువ్వు నాకు, నేను నీకు బావా. మనుషులన్నంక గట్లనే ఉండాలె."

సావుకారి ఈసారి గుమ్మం ముందు నుంచే వెళ్లిపోయాడు, కడియాలు ఐలవ్వ కాళ్లకే ఉండిపోయాయి. "అప్పు ఒక్కపారైతే తీరింది కద. దేవుని బాకీ దేవునికి కట్టాలె" అందామె. మరుసటి సోమవారం వేములాడ పోయారు. కడియాలు గల్లుమంటుంటే కోడెను పట్టుకుని ఐలవ్వ గుడి చుట్టూ తిరిగింది.

"ఏం మొక్కినవ్?" అని అడిగింది మగణ్ని.

"మళ్ల అప్పు తీర్చుమన్న. నువ్వో?"

"తీరిన సంగతి ఎవ్వలికి తెల్వనియ్యకు తండ్రీ అన్న."

"నేనెవ్వలికి చెప్పనక్కా" అన్నాడు వెనక నుంచి పోశం. అతనూ వచ్చాడు. బాకీదారు ఊరు దాటితే జామీనుదారు వెంట ఉండాలని సంఘం రూలు. దారిఖర్చులు బాకీదారువే.