గులాబీలకు కట్టు కట్టిన రోజు

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు మొక్కల నర్సరీకి పనికి వెళ్తుంది. సాయంత్రం నర్సరీ మేడమ్‌ని వెంటబెట్టుకుని ఇంటికి వస్తుంది. ఆవిడ వెనక వరండాలో వరుసగా పెట్టిన గులాబీ అంటు మొక్కలను చూసి తల ఊపుతుంది. ఆ తల నిలువుగా ఊగితే పిల్లకు అంటు కట్టే షెడ్డులో పర్మనెంటు ఉద్యోగం. అడ్డంగా ఊగితే సోమవారం నుంచి మళ్ళీ పాత లెక్కల ఆఫీసు, మళ్ళీ ఆ కిటికీ లేని గది. ఆఫీసువాళ్ళు ఆ కుర్చీని ఇంకా ఖాళీగానే ఉంచారన్న సంగతి తల్లి రోజూ కాఫీతో పాటు అందిస్తూనే ఉంది.

ఇంతవరకూ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా ఇంట్లో తండ్రి ఉండటమే.

ఆయన ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఇంట్లో ఎవరి వేలు తెగినా ఆయన ముఖం వెలిగిపోయేది. కుర్చీ కాలు విరిగితే దానికీ బద్దలు వేసి కట్టు కట్టాడు. ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వడు, అదింకా కోలుకోలేదట.

"నాన్నా, నేను లేనప్పుడు మొక్కల జోలికి వెళ్ళకు" అంది కూతురు చెప్పులు వేసుకుంటూ.

"నాకేం పని? చూస్తూ ఉంటానంతే."

"చూడక్కర్లేదు కూడా."

"చూస్తే అరిగిపోతాయా ఏంటి?"

అరిగిపోవు, నిజమే. కానీ ఊరికే చూడటమన్నది ఆ మనిషికి పుట్టుకతోనే చేతకాదు. కన్నకూతురై ఉండి ఆ పిల్లకి ఈ సంగతి తట్టకపోవడం విచిత్రం.

కూతురు అటు వెళ్ళిందో లేదో ఈయన కళ్ళజోడు తుడుచుకుని వరండాలోకి వచ్చాడు. అంటు కట్టడంలో పెద్ద రహస్యమేం లేదు. కింద మొండి జాతి గులాబీ మొదలు, దాన్ని చీల్చి అందులో మంచి జాతి కొమ్మ దూర్చాలి. రెండూ కదలకుండా ప్లాస్టిక్ పట్టీతో బిగించాలి. కొన్నాళ్ళకు రెండు గాయాలూ కలిసి ఒకే మొక్క అవుతాయి. కలిసే చోట కాస్త ఉబ్బుతుంది. తోటపని తెలిసినవాళ్ళు ఆ ఉబ్బును చూసి సంతోషిస్తారు. కాంపౌండరు గారు చూసి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"వాపు!" అన్నాడు. "గాయం మీద ప్లాస్టిక్కా! గాలాడకపోతే చీము పట్టదూ?"

ఒక్కదాన్ని విప్పి చూద్దామనుకున్నాడు. విప్పగానే పైకొమ్మ ఊడి చేతిలోకి వచ్చింది. దాంతో ఆయన అనుమానం రుజువైపోయింది! ఇక మిగతావాటినైనా దక్కించుకోవాలి కదా. దూది వచ్చింది, బ్యాండేజీ చుట్ట వచ్చింది, ఎర్రమందు సీసా వచ్చింది. ఊడినవాటికి పెన్సిళ్ళు ఆసరా పెట్టి మరీ కట్టాడు. మోచేతుల దాకా ఎర్రమందు పూసుకుని, చాలా ఏళ్ళ తర్వాత మనసారా ఈల వేసుకున్నాడు.

ఈల విని తల్లి వచ్చింది. "ఏమండీ! ఏం చేస్తున్నారు?"

"డ్రెస్సింగు. ఆ కత్తెర ఇలా అందుకో."

"అయ్యో అయ్యో! కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట! బాగున్న మొక్కలకి మందేంటండీ? ఇవి చూస్తే ఆవిడ దానికి ఉద్యోగం ఇస్తుందా?"

రోజూ పాత ఆఫీసు పాట పాడే మనిషి, తీరా నర్సరీ ఉద్యోగం పోయేసరికి గోడకి ఆనుకుని భోరుమంది. తల్లులంతే, వాళ్ళని అర్థం చేసుకోవడం మన వల్ల కాదు.

అదే సమయానికి పక్కింటి అత్తయ్య గోడ మీదుగా తొంగి చూసింది. గోడ అడ్డం కాబట్టి మొక్కలు కనపడలేదు. అన్నయ్యగారి ఎర్రటి చేతులు, బ్యాండేజీ చుట్ట, వదినగారి ఏడుపు మాత్రం శుభ్రంగా కనపడ్డాయి. మిగతాదంతా ఆవిడే అల్లుకుంది. వెంటనే నర్సరీలో ఉన్న పిల్లకి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, కంగారుపడకు. మీ నాన్న చేతుల నిండా రక్తం. మీ అమ్మ గుండెలు బాదుకుంటోంది. ఏం కంగారు లేదు, ఉన్నపళంగా వచ్చెయ్."

ఆ తర్వాత వీధిలో ఇంటింటికీ ఫోన్ చేసి ఒక్కొక్కరినీ కంగారుపడొద్దని చెప్పింది.

నర్సరీలో కూతురు చేతిలోని మట్టి సంచి అక్కడే జారిపోయింది. ఆ ముఖం చూడగానే మేడమ్ లేచింది. మొక్కలు చేరవేసే వ్యాను తీసి ఆ పిల్లని ఎక్కించుకుని బయల్దేరింది. ఆ విధంగా సాయంత్రం రావలసిన ఆవిడ మధ్యాహ్నమే దారిలో ఉంది.

ఇక్కడ తల్లి కళ్ళు తుడుచుకుని ఒక ఉపాయం ఆలోచించింది. పిల్ల వచ్చి చూసుకునేదాకా మొక్కలు ఎవరి కంటా పడకూడదు. పడకగదిలో మంచం మీద ప్లాస్టిక్ షీటు పరిచి, కుండీలన్నీ వరుసగా పేర్చి, పైన దుప్పటి కప్పేసింది. సరిగ్గా అప్పుడే వీధి వీధంతా దిగబడింది. ఒకరి చేతిలో పళ్ళు, ఒకరి చేతిలో ఫ్లాస్కు. పులి మీద పుట్రంటే ఇదే.

తండ్రి పడకగది గుమ్మంలో నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. మరి దెబ్బలు ఎవరికి? అందరి చూపులూ మంచం మీదికి వెళ్ళాయి. దుప్పటి కింద ఎత్తుపల్లాలుగా ఏదో ఉంది, కదలడం లేదు.

"ఎవరన్నయ్యగారూ?" అంది పక్కింటి అత్తయ్య గొంతు తగ్గించి.

కాంపౌండరు గారు ఆసుపత్రి గొంతుతో అన్నాడు: "చాలామందికి ఫర్వాలేదమ్మా. కొంతమంది మాత్రం దక్కరు."

"కొంతమందా! ఎంతమందండీ లోపల?"

ఆయన నోరు తెరిచేలోపే కూతురు అందరినీ తోసుకుంటూ వచ్చి ఆయన్ని వాటేసుకుంది. "నాన్నా! నీకేం కాలేదు కదా!" అంటూ ఏడ్చేసింది.

"నాకేమవుతుందే పిచ్చిదానా?"

వెనకే వచ్చిన మేడమ్ కాలయాపన ఇష్టం లేని మనిషి. నేరుగా వెళ్ళి దుప్పటి లాగేసింది.

తెల్లటి కట్లతో గులాబీలు బారులు తీరి ఉన్నాయి.

కూతురికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళ కష్టం కళ్ళముందే దూదిలో మునిగి ఉంది. తిడదామని తిరిగింది. ఎర్రటి చేతులు వెనక్కి దాచుకుని తండ్రి చిన్నబోయి నిలబడ్డాడు.

"తప్పు చేశానా అమ్మా?"

"చేశావు నాన్నా. రా, ఇటు పట్టుకో." మేడమ్ వైపు తిరిగి దాచకుండా చెప్పేసింది. "ఇవి బాగానే పట్టాయి మేడమ్. మా నాన్న విప్పేశాడు. మీరు ఉండండి, మళ్ళీ కడతాను."

మంచం మీదే బాసింపట్టు వేసుకుని పని మొదలుపెట్టింది. చాలావాటిలో అతుకు గట్టిగానే ఉంది, మళ్ళీ పట్టీ చుడితే సరిపోయింది. ఊడిపోయినవాటికి కొత్త కొమ్మలు కావాలి. ఎవరినీ దగ్గరికి రానివ్వని తన గులాబీ చెట్టు నుంచి పక్కింటి అత్తయ్య స్వయంగా కోసి తెచ్చింది. పాపభయం అంత పనీ చేయిస్తుంది.

"చూడు నాన్నా, పట్టీ కట్టేది గాలి తగలకూడదనే. తడారిపోతే కొమ్మ చచ్చిపోతుంది. ఉబ్బడం రోగం కాదు, పట్టిందని గుర్తు."

చెప్తున్నది తండ్రికే అయినా వీధంతా మంచం చుట్టూ మూగింది. రోగి కోసం తెచ్చిన పళ్ళు ఒలుచుకుని తింటూ ప్రశ్నల మీద ప్రశ్నలు. "మా నిమ్మ చెట్టుకీ ఇలా కట్టొచ్చా?" "ఎండలో పెట్టాలా, నీడలోనా?" కూతురు చేతులు ఆపకుండా అందరికీ జవాబు చెప్పింది. "చేతులు పెట్టకండి, కళ్ళతో చూడండి" అని కసిరింది కూడా.

ఆఖరి మొక్క కట్టాక మేడమ్ పెదవి విప్పింది. "షెడ్డులో ఉద్యోగం నీకివ్వను."

తల్లి గోడ పట్టుకుంది. కూతురు తల దించుకుంది.

"షెడ్డులో కట్టేవాళ్ళు నాకున్నారు. అంటు కట్టడం నేర్పుతామని బోర్డు పెట్టి ఎన్నాళ్ళయిందో, ఒక్క ప్రాణీ రాలేదు. నువ్వు మంచమ్మీద కూర్చుని వీధిని నిలబెట్టేశావు. ఆదివారం నుంచి క్లాసు నీది, పర్మనెంటుగా."

"అంటే మా పిల్ల టీచరా!" అంది తల్లి. ఆ నిమిషమే పాత ఆఫీసుకు ఫోన్ చేసి, ఇక రాదని తనే చెప్పేసింది.

ఆదివారం క్లాసుకి వీధిలో సగం మంది వచ్చారు. అందరికంటే ముందు వచ్చినవాడు తండ్రి. ఆయన్ని ముందు వరుసలోనే కూర్చోబెట్టారు, రెండు చేతులూ కనపడేలా.