ఒక వీశె పెట్రోలు

మన ధర్మవరంలో నన్ను లెక్కల మార్కండేయులు అంటారు. ఆ బిరుదు నాకు నేనే తగిలించుకున్నానని గిట్టనివాళ్లు చెబుతారు. అది నిజానికి ఎవరికి చెందాలో పంతొమ్మిదివందల యాభైతొమ్మిదిలో హిందూపురం బయట మైదానంలో తేలిపోయింది. చెబుతాను, నవ్వకుండా వినండి.

అప్పటికి నా పాత కారులో పెట్రోలు ముల్లు విరిగి చాలా కాలమైంది. ట్యాంకులో ఎంత ఉందో దేవుడికీ కారుకీ మాత్రమే తెలుసు. మా ఆవిడ ఈశ్వరికి ఆ కారంటే పడదు. ఇంట్లో మూడు మగ్గాలు ఆడుతున్నాయి, కారు అమ్మితే ఇంకో రెండు వస్తాయని ఆమె పట్టు.

అలాంటప్పుడు హిందూపురం నుంచి నా బావమరిది రామచంద్ర కబురు పంపాడు. కార్లున్నవాళ్లు కొందరు మైదానంలో సున్నంతో పెద్ద గుండ్రం గీసి పరుగు పందెం పెడుతున్నారట. చుట్టుకు మైలు, మొత్తం పది చుట్లు. నేను ఎగిరి గంతేశాను. ఈశ్వరి ఒక షరతు పెట్టింది.

"పది చుట్లూ తిరిగితే కారు ఉంచుకో. నడుమ ఆగి తోసినావంటే మర్నాడే అమ్మేయల్ల."

"తోసే పనే రాదు."

"పోయిన నెల పెనుకొండ మలుపులో తోసిందెవరు?"

తోసింది ఆమే.

బయల్దేరే రోజు ఈశ్వరి పట్టు తూచే తక్కెడ కారులో పెట్టింది. నేతవాళ్లకు పట్టు తూచి ఇవ్వడం, చీర వచ్చాక మళ్లీ తూచి తరుగు ఎంతో చూడడం మా ఇంట్లో ఆమె పని. ధర్మవరంలో ట్యాంకు గొంతుదాకా నింపించింది. పెనుకొండలో మళ్లీ గొంతుదాకా నింపించి, డబ్బాను పోసే ముందూ పోశాకా తూచింది.

"ఇరవై ఎనిమిది మైళ్లకు రెండు వీశెల పైన తాగింది నీ కారు."

ఆ మాటతో నా బుర్ర వెలిగింది. పది మైళ్లకు ఒక వీశె, అంటే ఇప్పటి లెక్కలో రెండు లీటర్లకు కొంచెం తక్కువ, సరిపోతుంది. మిగతాదంతా దండగ బరువు. బరువు తీసేస్తే కారు పరిగెత్తక ఏం చేస్తుంది? నా తెలివికి నాకే ఆశ్చర్యమేసింది.

మైదానం చేరి ఈశ్వరి రామచంద్ర భార్యతో మాటల్లో పడగానే కారును బండరాళ్ల వెనక్కి నడిపాను. రబ్బరు గొట్టం పెట్టి పీలిస్తే మొదటి గుక్క నోట్లోకే వచ్చింది. ట్యాంకును డబ్బాల్లోకి ఖాళీ చేసి, ఆమె తక్కెడతోనే సరిగ్గా వీశె తూచి పోశాను. మిగతా డబ్బాలూ తక్కెడా రాళ్ల చాటున దాచాను. స్టెప్నీ దించాను, వెనక సీటు పీకాను. ఈ రహస్యం రామచంద్రకు కూడా చెప్పాను. వాడూ వీశెడే ఉంచుకున్నాడు.

ఈశ్వరి ఎదురొచ్చింది. "నా తక్కెడ యాడ?"

"నాకేం తెలుసు?"

"నోరేంది, పెట్రోలు కంపు కొడతాండాది?"

"ఎండకు."

"ఎండకు చెమట కంపు వస్తాది."

అనేసి తక్కెడ వెతుక్కుంటూ రాళ్లవైపు పోయింది. నేను పేరు రాయించడానికి పోయాను.

పరుగు మొదలైంది. ఆరో చుట్టులో రామచంద్ర కారు మలుపు దగ్గర దగ్గి, ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది. వాడు దిగి తోస్తుంటే నేను చెయ్యి ఊపుతూ దాటిపోయాను. పది చుట్లూ నా కారు ఒక్క దగ్గు కూడా దగ్గలేదు.

జనం మూగారు. వీశె లెక్క వివరించి, ఇప్పుడు ట్యాంకులో చెమ్చా కూడా ఉండదు చూడండని పుల్ల ముంచాను. బెత్తెడు తడిసి వచ్చింది. తుడిచి మళ్లీ ముంచాను. మళ్లీ బెత్తెడే.

"బావా, నీ కారు పెట్రోలు ఈనుతాదా?" అన్నాడు రామచంద్ర.

వెనకనుంచి ఈశ్వరి అంది. "నువ్వు పేరు రాయించుకుంటాంటే రెండు వీశెలు నేను పోసినా. తక్కెడ కోసం పోతే డబ్బాలు దొరికినాయి, ట్యాంకు మూతకు నువ్వు తాళం ఎయ్యలేదు."

"ఎందుకు? నువ్వు తూచిన లెక్కే గదా?"

"అది నిదానంగా వచ్చిన లెక్క. తొందరపడి నేస్తే పోగులు తెగి తరుగు పెరగదా? ఇంగ పడుగు పోగుల చివర మూరెడు నేతకు రాదు, మగ్గానికే ఉండిపోతాది. ట్యాంకు అడుగునా అంతే. మలుపులో ఒక పక్కకు పోతాది, ఇంజనుకు అందదు. పెనుకొండలో నేను తోస్తాంటే ట్యాంకులో ఇంకా పెట్రోలు గుడగుడమనింది, నువ్వు ఇనలేదు."

ఇరవై ఏళ్లుగా పట్టు నేయిస్తున్నవాణ్ణి, ఆ మూరెడు పడుగు రోజూ చూస్తున్నవాణ్ణి. నాకు తట్టలేదు. అంతమందిలో ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది.

"ఆగిపోనిస్తే నీకు రెండు మగ్గాలు వచ్చేవి గదా," అన్నాను మెల్లగా.

"వచ్చేవి. మా తమ్ముని ముందర నువ్వు కారు తోస్తాంటే సూడలేకపోయినా." అని చెయ్యి చాపింది. "ట్యాంకు మూత తాళం ఇట్లియ్యి."

ఆ తాళం అప్పటినుంచి ఆమె కొంగునే ఉంది. కారు నాదే. ఎక్కడికి పోవాలో చెబితే తూచి పోస్తుంది, తిరిగొచ్చాక పుల్ల ముంచి తరుగు చూస్తుంది. ఇవాళ కొత్తచెరువులో నూలు చూసి వస్తానని మూడు వీశెలు అడిగాను. అక్కడ నూలు ఎవరు అమ్ముతారని అడిగింది.

అందుకే మీ పేకాటకు నడిచి వచ్చాను. ముక్కలు పంచండి.