శోకానికి తగిన వేగం

పదిమంది విన్న పాట అసలు పాటే కాదని విస్మృత రికార్డుల పరిరక్షణ సమాజం వారు ఏకగ్రీవంగా తీర్మానించి చాలా కాలమైంది. పెద్ద కంపెనీల రికార్డులు వారి గుమ్మం తొక్కవు. ఎవరో ఒక ఉత్సాహవంతుడు భార్య నగలమ్మి చిన్న కంపెనీ పెట్టాలి, నాలుగు రికార్డులు వెయ్యాలి, నాలుగూ అమ్ముడుపోక తలుపులు మూసెయ్యాలి. అలాంటి కంపెనీలంటే వారికి ప్రాణం. పాట కూడా బాగుంటే సంతోషమే గాని, అది తప్పనిసరి కాదు.

ఈ సమాజం కార్యదర్శిని పెళ్లాడి వచ్చిన కొత్తకోడలికి అత్తారింట్లో నచ్చనిది లేదు. కిటికీ రెక్క కిర్రుమనడం నచ్చింది. తుమ్మబోయే ముందు మొగుడు గోడకేసి తిరిగి క్షమించమనడం మరీ నచ్చింది. పడగ్గదిలో మంచానికి చోటు వదిలి మిగతాదంతా రికార్డుల అరలు ఆక్రమించడం కూడా నచ్చింది. రోజుకో పాట విన్నా జన్మంతా సరిపోతుంది గదా అని మురిసిపోయింది.

"విన్నట్టే!" అంది అత్తగారు కూరగాయలు తరుగుతూ. "వాడికి పాటంటే ఇష్టమనుకున్నావా అమ్మాయ్? పాట దొరకడమంటే ఇష్టం. దొరికాక దాని నోరు నొక్కేస్తాడు."

అత్తగారికి శాస్త్రజ్ఞానం లేదు. రికార్డు మోగిస్తే అరుగుతుంది, అరిగితే విలువ పడిపోతుంది. అందుచేత ప్రతి రికార్డునూ ఒక్కసారే, నమోదు నిమిత్తం వినాలి. విని విషాదం, ఉల్లాసం, ఇతరములు అనే మూడు తరగతుల్లో ఏదో ఒకదాంట్లో చేర్చాలి. వినడానికి ముందు రికార్డు నడిబొడ్డున సమాజం వారి నంబరు చీటీ అతికించాలి. చీటీ లేని రికార్డు ఇంకా పుట్టనట్టే లెక్క. పుట్టనిదాన్ని ఎలా వింటారు?

సమాజం వారి నిధుల్లో తలమానికం ఒకటుంది. గొడుగుల కొట్టు వెనకగదిలో పుట్టి అక్కడే కన్నుమూసిన కంపెనీ వారిది. ఆ రికార్డు లోకంలో ఇంకెక్కడా లేదు. అందులో ఎవరో మగమనిషి నూతిలోంచి పలికినట్టు "వస్తా...వా... రా...వా... తలు...పే...సే...స్తా..." అంటాడు. ఇది మృత్యువు జీవుడితో అంటున్న మాట అని కార్యదర్శి కనిపెట్టి, పెద్ద వ్యాసం రాశాడు. చరణం చివర గాయకుడి హృదయవిదారక రోదనకు విడిగా ఒక అధ్యాయమే కేటాయించాడు. పళ్లడాక్టరుగా రిటైరైన అధ్యక్షులవారు అది చదివి, "ఇంత లోతైన మూలుగు నా వృత్తిలో కూడా వినలేదు" అని కితాబిచ్చారు. వచ్చే ఆదివారం సభలో వ్యాసం చదవగానే కార్యదర్శికి శాశ్వత సభ్యత్వం, నిధుల బీరువా తాళంచెవి ఇస్తారు. మొగుడు ఆ తాళంచెవిని కలవరించడం కూడా కొత్తకోడలికి ముద్దుగానే ఉంది.

సభకు ముందు పాత చీటీలు తీసి కొత్తవి అతికించే పని ఆవిడే అడిగి తీసుకుంది. వ్యాసం కోసం ఇంటికి తెచ్చిన తలమానికం మీది చీటీ తడిగుడ్డతో ఒత్తగానే ఊడొచ్చింది. కింద కంపెనీ వారి అచ్చు: నలభై ఐదు. పెద్ద రికార్డులు నిమిషానికి ముప్ఫైమూడు చుట్ల వేగంతో, చిన్నవి నలభై ఐదుతో తిరగడం లోకరీతి. పెద్ద రికార్డుకు నలభై ఐదు పెట్టిన గొడుగుల కంపెనీకి లోకరీతి తెలియదు పాపం. తెలిస్తే దివాలా ఎందుకు తీస్తుంది?

ఆవిడ రికార్డును ప్లేయరు మీద పెట్టి, మీట నలభై ఐదుకు జరిపి ముల్లు దించింది. నూతిలోని మగమనిషి చటుక్కున పడుచుపిల్లైపోయాడు! తబలా గంతులేసింది. అరుగుమీద కబుర్లలో పడి ఇల్లు మరిచిన మొగుణ్ణి ఆ పిల్ల "వస్తావా రావా, తలుపేసేస్తా!" అని ఆటపట్టిస్తోంది. హృదయవిదారక రోదన దగ్గరికి వచ్చేసరికి కిలకిలా నవ్వేసింది. అత్తగారు గరిటెతో సహా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అప్పుడే ఇంటికొచ్చిన కార్యదర్శి పాదం కూడా, అతని అనుమతి లేకుండానే, తాళం వేసింది. భార్య అతని చెయ్యి పట్టుకుని అరల మధ్య ఒక చుట్టు తిప్పింది.

"మళ్లీ పెట్టు" అన్నాడు. అన్నాక మొహం పాలిపోయింది. "నా వ్యాసం!"

"పోతే పోయిందండీ, పాట ఎంత బాగుందో! ఆదివారం మీరే ఇలా వినిపించండి. మహా అయితే నవ్వుతారు."

"బాగుండటం వేరు, నమోదు వేరు..." అని నసిగాడు గాని, పెళ్లైన కొత్త గనక ఒప్పుకున్నాడు.

అన్నమాట ప్రకారం ఆదివారం భార్యను వెంటబెట్టుకెళ్లి సభలో వినిపించాడు. కుర్చీల కింద పాదాలు కదిలాయి. సభావిశేషాల్లో ఆ సంగతి రాయలేదు. అధ్యక్షులవారు లేచారు.

"సభ్యులారా! వేగమనేది కంపెనీవారి సొంత అభిప్రాయం. దివాలా తీసినవారి అభిప్రాయానికి మనం ఎంత విలువివ్వాలి? పైగా ఇది ఉల్లాసగీతమే అనుకోండి. పదిమందికీ నచ్చుతుంది. నచ్చితే కావాలంటారు. మన విస్మృతి ఏమైపోవాలి? కావున ముప్ఫైమూడే అధికారిక వేగం. సమ్మతమైనవారు చేతులెత్తండి."

చేతులు లేచాయి. అధ్యక్షులవారు తాళంచెవి తీసి బల్లమీద పెట్టారు. కార్యదర్శి భార్యకేసి చూశాడు, తాళంచెవికేసి చూశాడు, చెయ్యెత్తాడు. వెంటనే రికార్డును ముప్ఫైమూడులో పెట్టి, అందరూ కళ్లొత్తుకున్నారు. చదువరులు నవ్వకూడదు. నలుగురూ ఏడుస్తున్న చోట మనమూ జేబురుమాలు తీసినవాళ్లమే.

కొత్తకోడలు కుర్చీలోంచి లేచింది. ముందుగా ఇంటికి నడిచింది. వెనకాలే మొగుడు అధ్యక్షులవారిని వెంటబెట్టుకొచ్చి, గుమ్మం ముందు నిలబడి, చీటీలకు ఊడిరాని జిగురు గురించి చర్చ మొదలెట్టాడు. కూరలు చల్లారాయి. చర్చ చల్లారలేదు.

ఆవిడ తలుపు రెక్క మీద చెయ్యేసి, కొంగు బిగించి అంది:

"వస్తావా రావా? తలుపేసేస్తా!"

అధ్యక్షులవారు చెవి రిక్కించి విన్నారు. "మాటలు సరిగ్గానే ఉన్నాయమ్మా. కాకపోతే వేగం ఎక్కువైంది."

"నిజమే, కొంచెం నెమ్మదిగా అనవోయ్" అన్నాడు కార్యదర్శి.

తలుపు పడింది. గడియ పడింది. లోపల అత్తాకోడళ్లు విరగబడి నవ్వుతున్నారు. బీరువా తాళంచెవి ఆ తలుపుకు పట్టదు గనక, కార్యదర్శి గుమ్మం బయటే నిలబడి, ఆ నవ్వును అలవాటు చొప్పున విషాదం కింద నమోదు చేసుకున్నాడు.

తరగతి తప్పకపోవడం సమాజం చరిత్రలో అదే మొదటిసారి.